పొట్టి పిస్టలా, పొడుగు పిస్టలా?

మెదక్ వైపు జాతరల్లో గాలి తుపాకీతో బుగ్గలు పగలగొట్టే సరదా తెలియనివాళ్లు తక్కువ. ఆ సరదా ముదిరి పిస్టల్‌తో కాగితం మీద గురి నేర్వాలంటే సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ చేరాలి. అక్కడి గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో 2014లో తొమ్మిదేళ్ల ఈషా సింగ్ పిస్టల్ పట్టింది. 2018 జాతీయ పోటీల్లో, పదమూడేళ్లకే, షూటర్ మను భాకర్‌ను దాటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సీనియర్ టైటిల్ గెలిచింది.

కొత్తగా కొనేవాళ్లకు వచ్చే మొదటి సందేహం సైజు గురించే. సినిమాలు చూసిన కంటికి చిన్నదే ముద్దొస్తుంది. కాగితం మీద గురికి మాత్రం పొడుగుదే కావాలి.

పిస్టల్‌కు వెనక ఒక గాడి, ముందు ఒక చిన్న దిమ్మె ఉంటాయి. దిమ్మె గాడి మధ్యలో నిలవాలి, రెండు పక్కలా వెలుతురు సమానంగా కనబడాలి. ఈ రెంటి మధ్య దూరం 36 సెంటీమీటర్లు అనుకుందాం. దిమ్మె 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ 28 మిల్లీమీటర్లు తప్పుతుంది. అయినా ఏడు పాయింట్లు దక్కుతాయి. ఆ దూరం 10 సెంటీమీటర్లే ఉన్న జేబు తుపాకీలో అదే పొరపాటు 100 మిల్లీమీటర్లవుతుంది, అంటే వలయాలన్నీ దాటిపోయినట్టే. పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లేనని మరవద్దు.

చూపు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అర్జునుడికి పక్షి కన్నొక్కటే కనబడిందంటారు. పిస్టల్ షూటర్ మాత్రం ముందు దిమ్మెనే స్పష్టంగా చూడాలి, లక్ష్యం మసకబారినా పట్టించుకోకూడదు. పక్కకు తిరిగి నిలబడి, ఒంటిచేత్తో పిస్టల్ పైకెత్తి, మెల్లగా దించుతూ, ఊపిరి సగం వదిలి ఆపి, ట్రిగ్గర్‌ను తిన్నగా వెనక్కి నొక్కాలి. రెండో చెయ్యి జేబులోనో, బెల్టులోనో ఉంటుంది. పోటీలో ఇలా అరవైసార్లు.

ఇక బరువు సంగతి. కాన్పూర్‌లో 2014లో తయారైన నిర్భీక్ రివాల్వర్ బరువు అర కిలోనే. ఆత్మరక్షణకు బ్యాగులో పెట్టుకోవడానికి అది సరే. కానీ తేలిక ఆయుధం పేలగానే చెయ్యి ఎగరేస్తుంది. పోటీ ఎయిర్ పిస్టల్‌కు 1,500 గ్రాముల వరకు అనుమతి ఉంది, నిలకడ కోసం ముందువైపు బరువులు తగిలించేవాళ్లూ ఉన్నారు.

పిల్లల విషయం వేరు. మణికట్టు ఇంకా గట్టిపడని చేతికి ముందు బరువు భారమవుతుంది. అందుకే స్టేయర్, మోరిని కంపెనీలు పోటీ పిస్టల్‌నే పొట్టిగా కూడా చేస్తాయి. పొట్టిదైనా పొడుగుదైనా చెక్కపిడి అరచేతికి అతకాలి. ఆకురాయితో అరగదీసి, ఖాళీలు పుట్టీతో నింపుకుంటారు.

20 జౌళ్ల లోపు శక్తి ఉన్న 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, .22 కాలిబర్ పిస్టల్‌కు తప్పదు. కొనేముందు రేంజ్‌లో ఉన్న రెండు రకాలనూ, ఖాళీవని చూసుకుని, చెయ్యి చాపి నిమిషంపాటు పట్టుకోండి. దేని దిమ్మె తక్కువ వణికితే అదే మీది.