నిఘంటువులో లేని తొందర

తెలుగు పదాలు నేర్చుకోవాలంటే నిఘంటువు చూడమంటారు. ఏది చూడాలి? మాస్టార్లు ఎక్కువగా చెప్పేవి రెండు. ఒకటి సి.పి. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, రెండోది బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరం, 1885 నాటిది. రెండూ ఇప్పుడు ఆంధ్రభారతి సైటులో వెతుక్కోవచ్చు. బెంగళూరులో తెలుగు మీడియం చదివే మనకి ఇవి ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం.

పద్యానికి అర్థం కావాలంటే శబ్దరత్నాకరమే. కానీ అది కావ్యాలు చదివేవాళ్ళ కోసం చేసిన పుస్తకం. వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు దాంతో అంత సాయం ఉండదు. బ్రౌన్ పద్ధతి వేరు. 1820లో కడపకి వచ్చిన దొర కదా, జనం నోట్లో మాటలు కూడా చేర్చాడు, చాలాచోట్ల మాటని వాక్యంలో పెట్టి చూపించాడు. చదవడానికి అర్థం తెలిస్తే చాలు. రాయాలంటే ఆ మాట ఏ మాట పక్కన ఇముడుతుందో కూడా తెలియాలి. అందుకే నా ఓటు బ్రౌన్‌కే. ఒక్కటే కష్టం, అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి. అర్థానికి మళ్ళీ అర్థం వెతుక్కోవాలి!

అయితే మన అసలు చిక్కు ఈ రెండిట్లోనూ తీరదు. మన చుట్టూ కన్నడం. కన్నడంలో ‘అవసర’ అంటే మన తొందర. వాళ్ళ ‘తొందరె’ అంటే మన ఇబ్బంది. ‘వానలు లేక రైతులకి చాలా తొందర అయింది’ అని ఎవరైనా రాస్తే, మనకి బాగానే అర్థమవుతుంది. అనంతపురంలో చదివినవాళ్ళకి రైతులు ఎక్కడికి పరిగెత్తారో తెలియదు. ‘ప్రబంధ’ సంగతీ అంతే. కన్నడంలో అది వ్యాసం. తెలుగులో ప్రబంధం అంటే పెద్దన గారి మనుచరిత్ర లాంటి కావ్యం. పరిశుభ్రత మీద ప్రబంధం రాయమంటే పెద్దన గారే రావాలి. ఇవి కొత్త మాటలు కావు కాబట్టి ఎవరూ నిఘంటువు తెరవరు, తెలుసుననుకుంటారు. తెలియని మాట కంటే ఇలాంటి మాటే పరీక్షలో ఎక్కువ మార్కులు తింటుంది.

తెలుగులో కలిసిన హిందుస్తానీ, పార్శీ, ఇంగ్లీషు మాటల కోసం బ్రౌన్ 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. అప్పటి కచేరీ కాగితాలు చదవడానికి అది కావాల్సి వచ్చింది. ఇప్పుడు మనకి తెలుగు–కన్నడ జంట మాటలకి అలాంటిది కావాలి. లావు పుస్తకం అక్కర్లేదు, నలభై పేజీలు చాలు. అందులో ‘ఊట’ తప్పకుండా ఉండాలి. కన్నడంలో అది భోజనం, తెలుగులో బావిలో ఊరే నీళ్ళు.