జిప్సం గోడకు అతుకు

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు పెరిగేకొద్దీ ఒక గదిని రెండుగా విడదీయవలసిన అవసరమూ పెరిగింది. ఇటుక గోడ లేపితే శ్లాబు మీద బరువు పడుతుంది, పనికి రోజులు పడతాయి కనుక, సన్నని ఇనుప రేకు చట్రానికి ఇరువైపులా జిప్సం బోర్డులు బిగించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. జిప్సం ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వేడికి గురిచేస్తే అందులో కలిసి ఉన్న నీటిలో ముప్పాతిక వంతు పోయి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ (పీవోపీ) తయారవుతుంది, దానికి మళ్లీ నీరు కలిపితే గట్టిపడుతుంది; ఆ ముద్దను రెండు మందపాటి కాగితాల నడుమ పోసి ఆరబెట్టిన పలకే జిప్సం బోర్డు. అమెరికాలో ఆగస్టీన్ సాకెట్ 1894లో పేటెంటు పొందిన పొరల బోర్డు దీనికి పూర్వరూపం.

ఈ పలక బలంలో పెద్ద పాలు కాగితానిదే. అందుచేత కుర్చీ వీపు తగిలి చిల్లు పడినప్పుడు, చిరిగిన కాగితం మీదే లప్పం మెత్తి రంగు వేస్తే, సాగే గుణం లేని ఆ లప్పం కొద్ది నెలల్లోనే అంచుల వెంట నెర్రె ఇస్తుంది. తొందరపడే పెయింటర్లు చేసేది తరచు ఇదే; ఇంటివారికి చవకగా తోచేదీ ఇదే.

సరైన పనికి ముందుగా కరెంటు మెయిన్ ఆపి, లోపల వైర్లు లేవని టార్చి వేసి చూసుకుని, చిల్లు చుట్టూ గట్టి భాగం తగిలేదాకా చదరంగా కోయాలి. ఆ సందులోంచి చిల్లు కన్నా పొడవైన చెక్క బద్దలను వెనక్కి దూర్చి, పాత బోర్డు మీదుగా స్క్రూలతో బిగించి, అదే మందం గల కొత్త ముక్కను (సాధారణంగా ఇది 12.5 మిల్లీమీటర్లు ఉంటుంది) ఆ బద్దలకు అమర్చాలి. స్క్రూ తల కాగితాన్ని చించకుండా రవ్వంత లోపలికి దిగితే చాలు. అతుకుల మీద జాయింట్ టేపును తడి లప్పంలో కూర్చి, రేకుతో నొక్కి లోపలి గాలిని వెళ్లగొట్టి, పూర్తిగా ఆరాక ఒక్కో పూతను ముందుదాని కన్నా వెడల్పుగా లాగుతూ మరో రెండు పూతలు వేయాలి. ఎమరీ కాగితంతో రుద్దాక ప్రైమర్ తప్పనిసరి. లేకుంటే లప్పం, కాగితం రంగును వేర్వేరుగా పీల్చుకుని మచ్చ కనిపిస్తుంది.

చెమ్మ గోడల సంగతి వేరు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి దిల్‌సుఖ్‌నగర్ పక్కనున్న కోదండరామ్‌నగర్ వంటి కాలనీలు మునిగాయి. ఎల్బీనగర్ పరిధిలోని పల్లపు ప్రాంతాలకూ ఆ బెడద తప్పలేదు. లీటరు నీటికి సుమారు 2 గ్రాములు కరిగే జిప్సానికి అలాంటి చోట నేల అంతస్తులో చోటు లేదు. అక్కడి ఇటుక గోడలకైతే గిలాబు, అంటే గోడ పైపూత, పిడికిలితో తడితే డొల్లగా మోగినంత మేర చెక్కి, ఉప్పు దులిపి, గోడ ఆరాకే సిమెంటు, ఇసుక మాలు పట్టించి తడపాలి. 1591 నాటి చార్మినార్ వంటి సున్నపు గచ్చు కట్టడాలకు మాత్రం సిమెంటు అతుకు కీడే చేస్తుంది; గాలి ఆడే సున్నం వెనుక చెమ్మను అది బయటికి పోనివ్వదు. మునిగిన బోర్డు గోడనైతే నీటి గీతకు పై దాకా కోసి తీసేసి, కింది భాగానికి సిమెంటు బోర్డు బిగించడమే మేలు.