మందు పేరు చెప్పండి

కుందేలు నొప్పిని దాచుకునే జంతువు. వేటాడే జీవాల మధ్య బతికిన జాతి కనుక, నీరసం బయటపడనివ్వదు. కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో పెరిగే కుందేలైనా అంతే. విషం తిన్నా అరవదు, మూలకు ఒదిగి పళ్లు నూరుతూ కూర్చుంటుంది, పెట్టిన గడ్డి ముట్టదు. అది చూడగానే ఏదో ఒకటి తాగించాలని ఇంట్లోవాళ్లు తహతహలాడతారు. నేను అందుకు ఒప్పుకోను. ఆ సమయంలో ఇంటివాళ్లు చేయగల మేలు ఒక్కటే: నోట్లో ఏమీ పోయకుండా, అది తిన్నదేమిటో పేరుతో సహా డాక్టరుకు చెప్పడం.

ఉప్పునీళ్లు పట్టించి కక్కించడం మనకు తరతరాల అలవాటు. కుందేలు కక్కలేదు, దాని శరీర నిర్మాణమే అలాంటిది. ఎలుకా కక్కలేదు, ఎలుకల మందు అంత బాగా పనిచేయడానికి అదీ ఒక కారణం. ఆ మందు ఏ బలహీనతను ఆసరా చేసుకుందో, అదే బలహీనత మన ఇంటి కుందేలుకూ ఉంది. బలవంతంగా పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఒంట్లో ఉప్పు పెరిగితే అదో కొత్త విషం. పొయ్యి బొగ్గు నూరిపెట్టడమూ వృథాయే. డాక్టర్లు వాడే యాక్టివేటెడ్ చార్‌కోల్ వేరు, అదీ తిన్న కాసేపటికే ఇస్తే ఫలితం.

పేరు ఎందుకంత ముఖ్యమంటే, ఒక్కో విషానికి ఒక్కో గడువు. బ్రోమడియోలోన్ కేకు కొరికిన కుందేలు మర్నాడు కూడా గంతులేస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు కాలేయంలో తయారవడం ఆగిపోయి, ఉన్న నిల్వ తరిగాకే, కొన్ని రోజులకు, లోపల రక్తస్రావం మొదలవుతుంది. ముందే తెలిస్తే విటమిన్ కె1 వారాల తరబడి ఇచ్చి కాపాడుకోవచ్చు. జింక్ ఫాస్ఫైడ్ అలా కాదు. కడుపులోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది, గంటల్లో ముంచేస్తుంది, విరుగుడు లేదు. ఈ రెండూ దుకాణంలో ‘ఎలుకల మందు’ పేరుతోనే దొరుకుతాయి. ఇక ప్రేమతో పెట్టే విషాలు వేరే ఉన్నాయి. కుక్కకు పేలు పోవడానికి మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకు వేస్తే ఫిట్స్ రావచ్చు. పిల్లల జ్వరానికి తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ తాగిస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, హానిచేసేవి పెరిగి ప్రాణం తీస్తాయి. డాక్టరు అడిగేదాకా ఈ సంగతి చాలామందికి తట్టదు.

‘ఏది తినాలో కుందేలుకు తెలుసు’ అనేవారున్నారు. అందులో కొంత నిజముంది: చాలా కుందేళ్లకు అట్రోపిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది కనుక ఉమ్మెత్త లాంటివాటిని కొంత తట్టుకుంటాయి. గన్నేరు ముందు ఆ రక్షణ చెల్లదు, అది నేరుగా గుండెను దెబ్బకొడుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులకు విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్‌నూ అదే ఎంజైమ్ త్వరగా కరిగించేస్తుంది. అందుకే కుందేళ్ల సంగతి తెలిసిన వైద్యులు గ్లైకోపైరోలేట్ వైపు మొగ్గుతారు. ఎవరో ఒక డాక్టరుంటే చాలదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? అలాంటివారు దగ్గర్లో ఎవరున్నారో, రాత్రిపూట ఫోన్ ఎత్తుతారో లేదో, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి వేళలేమిటో కుందేలును తెచ్చుకున్న రోజే కనుక్కోవాలి.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. మేత మానేసిన కుందేలుకు చాలాసార్లు విషం తగలదు. పేగుల కదలిక మందగించడమో, మన మే నెల ఎండదెబ్బో అయ్యుంటుంది. ఒప్పుకుంటాను. కానీ 12 గంటలు తినకపోతే కుందేలుకు అదీ అత్యవసరమే. అనుమానం తప్పైనా ప్రయాణం వృథా కాదు. వెళ్లేటప్పుడు నమిలిన ఆకు, మందు ప్యాకెట్టు, చివరి పెంటికలు ఒక కవర్లో వేసుకోండి, చివరిసారి ఎప్పుడు తిన్నదో రాసుకోండి.

ఇక విషం పెట్టేవారి సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుకు కావాలని విషం పెడితే అయిదేళ్ల దాకా జైలు. అయితే అజాగ్రత్తగా వదిలేసిన ఎర విషయంలో ఆ సెక్షన్ సాయానికి రాదు. అక్కడ పనిచేయాల్సింది అపార్ట్‌మెంట్ అసోసియేషన్. పెస్ట్ కంట్రోల్ ఫలానా తేదీన అని వాట్సాప్‌లో పెడితే సరిపోదు. ఏ మందు, ఏ అంతస్తులో, ఏ మూలన పెట్టారో లేబుల్ ఫొటోతో సహా పెట్టాలి. పాకే పిల్లలున్న ఇళ్లకూ ఆ ఫొటో అంతే అవసరం.