‘రండిడంగళి’: నేలను పుట్టించినవాడి కూలి

ప్రకృతి వర్ణనను కథకు అలంకారంగా లెక్కించడం మన విమర్శకు చిరకాలపు అలవాటు. తకళి శివశంకర పిళ్ళై 1948లో మలయాళంలో వెలువరించిన ‘రండిడంగళి’ నవల ముందు ఆ అలవాటు నిలవదు.

నవలకు రంగం కేరళలోని కుట్టనాడు. వేంబనాడు సరస్సును ఆనుకున్న చిత్తడి నేల అది. అక్కడి పొలాలు చాలావరకు సముద్రమట్టానికి దిగువన, కొన్నిచోట్ల రెండు మీటర్ల లోతున ఉంటాయి. అవి ప్రకృతి ఇచ్చిన పొలాలు కావు. కూలివాడు నీళ్ళలో మునిగి, అడుగు బురద పైకితెచ్చి, గట్టుపోసి, చక్రం తొక్కి నీరు తోడితే బయటపడ్డ నేల అది. ఆ కూలీలలో అత్యధికులు పులయ, పరయ కులాలవారు. నేలను పుట్టించింది వారు, హక్కు కామందుది. పేరులోని రెండు ‘ఇడంగళ్లు’ వారికి కూలిగా కొలిచే రెండు కొలతల ధాన్యం. కనుక ఇందులో నీరు దృశ్యం కాదు, శ్రమ చరిత్ర.

తకళి జాలి దగ్గర ఆగిపోలేదు. పెళ్ళికి ఓలి కోసం పాలేరైన కోరన్, పండించిన ధాన్యానికి బదులు డబ్బు కూలిగా పుచ్చుకోవలసివస్తుంది. ఆ డబ్బుతో గింజ దొరకదు; ధాన్యం దొంగబజారుకు పోతుంది. ఆకలి వెనుకనున్న లెక్కను ఇంత సూటిగా చూపిన రచనలు తక్కువ.

అయితే లోపమూ ఉంది. కోరన్ జైలుకు వెళితే, ఒకనాడు చిరుతను కోరుకున్న చాత్తన్ ఆమెను తోబుట్టువులా కాపాడతాడు. పాత్ర ఉదాత్తమే. కాని ‘మాలపల్లి’ (1922)లోని రామదాసును ఎరిగిన మనకు ఒక ప్రశ్న కలగక మానదు: పేదవాడు హక్కు అడగాలంటే ముందు మహాత్ముడై తీరాలా? సామాన్యమైన బలహీనతలు గలవాడికి కూలి తక్కువ కొలవవచ్చునా?

దున్నేవాడికే భూమి అన్న ఆశతో నవల ముగుస్తుంది. 1970 జనవరి 1 నుంచి కేరళలో కౌలు వ్యవస్థ రద్దయింది. కౌలుదారుకు పొలం వచ్చింది. గుడిసెవాసికి గ్రామాల్లో 10 సెంట్ల వరకు ఇంటిస్థలంపై హక్కు వచ్చింది. అది చిన్న విజయం కాదు. కాని కోరన్ కౌలుదారు కాడు, పాలేరు. నీళ్ళలో మునిగి బురద తెచ్చినవాడి పేరు ఏ కౌలు కాగితం మీదా లేదు.

‘దున్నేవాడు’ అంటే ఎవరు? చట్టం ఒక జవాబు చెప్పింది. నవల మరొక జవాబు చెబుతున్నది. ఆ తేడా ఉన్నంతకాలం ‘రండిడంగళి’ పాతబడదు.