నిప్పుకీ నీళ్ళకీ మధ్య రాగిరేకు

పెందుర్తి పాత ఇళ్ళ పెరళ్ళలో మూడుకాళ్ళ రాగి బాయిలర్లు ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. ఇల్లంతా వెచ్చబెట్టుకునే చలి మనకి లేదు; ధనుర్మాసంలో తెల్లారగట్ల రెండు బకెట్ల వేణ్ణీళ్ళుంటే చాలు. అయినా అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలోని గ్యాస్ ఫర్నేసుకీ దీనికీ లోపలి సూత్రం ఒకటే. నిప్పు ఒక పక్క, వేడెక్కాల్సింది ఇంకో పక్క. పొగ దాటకూడదు, వేడి దాటాలి. ఇంజనీర్లు హీట్ ఎక్స్‌ఛేంజర్ అనేది దీన్నే.

బాయిలర్ కిటుకంతా నడిమి గొట్టంలో ఉంది. 30 సెంటీమీటర్ల అడుగున్న గుండిగని పొయ్యి మీద పెడితే మంట తగిలేది 700 చదరపు సెంటీమీటర్ల మేర. అందులోనూ సగం మంట పక్కలకి పారిపోతుంది. అంతే వెడల్పున్న బాయిలర్లో 10 సెంటీమీటర్ల గొట్టం 45 సెంటీమీటర్ల ఎత్తున నిలబెడితే దాని ఒళ్ళు 1,400 చదరపు సెంటీమీటర్లు. గొట్టంలోని మంటకి చుట్టూ నీళ్ళే, పారిపోయే దారి పైకొక్కటే. కింద జల్లెడలోంచి బూడిద రాలుతుంటే, అదే దారిన గాలి లోపలికి ఎక్కుతుంది. కొబ్బరి చిప్పలతోనే పని జరిగిపోతుంది.

ఆ గొట్టాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. చదునైన రాగిరేకుని చుట్టి, రెండంచుల్నీ పళ్ళుగా కత్తిరించి, ఒక చేతివేళ్ళ సందుల్లో ఇంకో చేతివేళ్ళు దూర్చినట్టు కలిపి, వెలిగారం చల్లి ఇత్తడి టంకం పోస్తారు. ఎర్రటి రాగి మీద పచ్చటి వంకరగీత పైనుంచి కిందిదాకా కనిపిస్తుంది. రాగి కరిగేది 1,085 డిగ్రీల దగ్గర. టంకపు ఇత్తడి 900 ప్రాంతంలో కరుగుతుంది. ఆ కాస్త తేడాలోనే పని ముగించాలి. థర్మామీటరు లేదు, రేకు ఎరుపు చూసి కొలిమిలోంచి తీయడమే. ఒక్క క్షణం ఎక్కువుంచితే అతుకుతోపాటు గొట్టమూ పోతుంది. సుత్తిదెబ్బలకి రాగి గట్టిపడి చిట్లబోతుంది కాబట్టి మధ్యమధ్య మళ్ళీ ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. ఈ ఓపికకి ఎవరూ ధర కట్టరు.

అసలు పరీక్ష గొట్టం అడుగు పళ్ళేన్ని కలిసేచోట. అక్కడ అంచు మడిచి, చాలాసార్లు తగరం, సీసం కలిసిన మెత్తటి టంకమే పోస్తారు. అది 200 డిగ్రీలైనా తట్టుకోలేదు, పక్కనేమో నిప్పులు! అయినా కరగదు, వెనకున్న నీళ్ళు వేడిని ఎప్పటికప్పుడు లాగేస్తూ దాన్ని వందకి అటూఇటూగా ఉంచుతాయి. అందుకే మరమ్మతు చేసిచ్చేటప్పుడు బాయిలర్లు చేసే పెద్దాయన చెప్పేది ఒక్కటే: “నీల్లెయ్యకుండా నిప్పెట్టకండి బాబూ, టంకం ఊడొచ్చేస్తాది.”

పెందుర్తికి దూరం కాని గాజువాక వైపు 1966లో పుట్టిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెస్సెల్స్ (2013లో బీహెచ్ఈఎల్‌లో కలిసిపోయింది) రిఫైనరీలకీ, ఎరువుల ఫ్యాక్టరీలకీ చేసిన భారీ హీట్ ఎక్స్‌ఛేంజర్లకీ ఇదే తలనొప్పి. గొట్టాలు వందల్లో ఉన్నా, ప్రతి గొట్టమూ చివరి పలకని కలిసేచోటే కారడం మొదలవుతుంది. అక్కడ గొట్టాన్ని లోపల్నుంచి వెడల్పు చేసి రంధ్రానికి బిగిస్తారు, లేదా వెల్డింగ్ చేస్తారు.

వాడుకలో ఇంటి బాయిలర్ శత్రువు మసి కాదు, గార. ఉప్పునీళ్ళు కాగినకొద్దీ గొట్టానికి తెల్లటి పొర పడుతుంది. రాగితో పోలిస్తే ఆ పొర వేడిని వందో వంతు కూడా దాటనివ్వదు. పైకి తళతళలాడేలా చింతపండుతో తోమేవాళ్ళు లోపలి సంగతి పట్టించుకోరు. బోరునీళ్ళు పోసేవాళ్ళయితే ఏడాదికోసారైనా లోపలి గార వదిలించుకోవాలి.

ఇప్పుడు పైన రాగి, లోపల ఇనపగొట్టం పెట్టిన బాయిలర్లూ దొరుకుతున్నాయి. వేడి దాటించడంలో ఇనుము రాగికి అయిదో వంతు, ఆపైన తుప్పొకటి. కొనేవాళ్ళు చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళి గొట్టం లోపల ఆనించి చూడాలి. అంటుకుంటే రాగి ధర ఇవ్వక్కర్లేదు.