ఉత్తరంలో చెప్పినది, పుస్తకంలో దాచినది: హెర్షెల్, లయెల్ లేఖల పరిశీలన

లేఖాసాహిత్యం అనగానే మీకు కవులు, కథకులు రాసుకున్న ఉత్తరాలు గుర్తుకు రావచ్చు. ఈ భాగంలో మనం చదవబోయేవి ఇద్దరు శాస్త్రవేత్తల ఉత్తరాలు. ఒకరు ఖగోళ శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్ (1792–1871), మరొకరు భూవిజ్ఞాన శాస్త్రవేత్త చార్లెస్ లయెల్ (1797–1875). శాస్త్ర చరిత్రకు ఆధారాలుగా వీటిని వాడుకున్నవారు చాలామంది ఉన్నారు. మనం వీటిని రచనలుగా చదువుదాం. ఎవరు ఎవరికి రాశారు, ఎక్కడ ధైర్యం చేశారు, ఎక్కడ వెనక్కి తగ్గారు అన్నవి మన ప్రశ్నలు. విక్టోరియా సింహాసనం ఎక్కింది 1837లో. ఈ ఉత్తరాలు అంతకు ఏడాది ముందువి. అయినా ఆమె కాలంలో ఇంగ్లండ్‌ను కుదిపిన పెద్ద వివాదం ఒకటి వీటిలో అప్పటికే తొంగిచూస్తోంది.

ఉత్తరం పుట్టిన చోటు

1833 నవంబరులో హెర్షెల్ కుటుంబంతో సహా, ఇరవై అడుగుల దూరదర్శినిని ఓడలో వేసుకుని, ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కు బయలుదేరాడు. ప్రయాణం రెండు నెలలు పట్టింది. ఇంగ్లండ్ నుంచి కనబడని దక్షిణాకాశాన్ని పరిశీలించడం ఆయన పని. కేప్‌టౌన్ దగ్గర ఫెల్డ్‌హౌసెన్ అనే ఎస్టేట్‌లో మకాం పెట్టి 1838 దాకా ఆ పని చేశాడు. అక్కడికి లయెల్ తన 'భూవిజ్ఞాన సూత్రాలు' కొత్త ముద్రణను పంపించాడు. మొదట 1830–33 మధ్య మూడు సంపుటాలుగా వచ్చిన ఈ గ్రంథం వాదం స్థూలంగా ఇది: వాన, నది, అల, అగ్నిపర్వతం, భూకంపం వంటివి నేడు మన కళ్లెదుట పనిచేస్తున్నాయి. చాలినంత కాలం ఇస్తే భూమి రూపాన్ని మార్చడానికి ఇవే చాలు, మహాప్రళయాలు అక్కర్లేదు.

1836 ఫిబ్రవరి 20న హెర్షెల్ జవాబు రాశాడు. లయెల్ దానికి తిరుగు జవాబు రాసింది జూన్ 1న. ఆ విరామాన్ని గమనించండి. కేప్‌లో ఉన్న మనిషి ఒక ప్రశ్న వేస్తే జవాబు చేతికి అందడానికి అర్ధ సంవత్సరం పట్టేది. అందుకే ఈ ఉత్తరం ముచ్చట్లలా సాగదు. ఎదుటివాడు అడగబోయే అభ్యంతరాన్ని ముందే ఊహించి సమాధానం చెప్పుకుంటూ, చిన్న గ్రంథంలా పెరుగుతుంది. అసైన్‌మెంట్లు పోస్టులో పంపి, వ్యాఖ్యల కోసం నెలల తరబడి ఎదురుచూసిన పాత దూరవిద్యా విద్యార్థులకు ఈ పరిస్థితి వేరే వివరించనక్కర్లేదు.

ఖగోళ శాస్త్రవేత్త చూపు

ఉత్తరం క్షమాపణతో మొదలవుతుంది. పుస్తకం అందినట్టు ఇన్నాళ్లూ రాయనందుకు సిగ్గుపడుతున్నానంటాడు, మూడోసారి చదువుతున్నానని చెబుతాడు. ఇది మర్యాద మాత్రమే కాదు. మూడుసార్లు చదివినవాడికి విమర్శించే హక్కు ఉంటుంది. ఆ హక్కును సంపాదించుకున్నాకే ఆయన తన సొంత ఊహలోకి దిగుతాడు.

ఆ ఊహ ఇది. నదులు నేలను కోసి, మట్టినీ ఇసుకనూ సముద్రంలో పోస్తాయి. అంటే బరువు ఒకచోటి నుంచి మరోచోటికి మారుతోంది. భూమి పైపొర అడుగున మెత్తబడిన, కొంత కరిగిన పదార్థం ఉందనుకుంటే, బరువు పెరిగిన సముద్రపు అడుగు కుంగాలి, బరువు తగ్గిన నేల పైకి లేవాలి. అంతటితో ఆగడు. అడుగున పేరుకున్న మట్టి దుప్పటి కప్పినట్టు పనిచేస్తుంది కాబట్టి లోపలి వేడి మెల్లగా పైకి పాకుతుంది. కింది పొరలు కాగి, రూపం మార్చుకుంటాయి. ఒకవైపు కుంగుతూ మరోవైపు లేస్తున్న చోట, అంటే తీరప్రాంతంలో, పైపొర పగులుతుంది. అగ్నిపర్వతాలు ఎక్కువగా సముద్రాలకు దగ్గర్లో ఉండటానికి ఇది కారణం కావచ్చు.

ఈ వివరణలో ప్రతి అంశమూ నేడు నిలబడదు, ముఖ్యంగా అగ్నిపర్వతాల విషయం. కానీ మన దృష్టి ఆ పద్ధతి మీద ఉండాలి. లయెల్ రచనా విధానం ఉదాహరణలు పోగుచేయడం: ఇటలీలో ఇలా జరిగింది, సిసిలీలో అలా జరిగింది అంటూ సాక్ష్యం మీద సాక్ష్యం పేరుస్తాడు. గ్రహగతులు లెక్కగట్టే హెర్షెల్‌కు ఒక్క సూత్రం చాలు: సమతూకం చెడితే ఏదో ఒకటి కదలాలి. నేల లేస్తుంది, కుంగుతుంది అని లయెల్ చూపించాడు. ఎందుకు అన్న ప్రశ్నకు హెర్షెల్ ఒక యంత్రాంగాన్ని ఊహించాడు. ఒక శాస్త్రపు అలవాటు మరో శాస్త్రంలోకి ఎలా వలస పోతుందో చూడాలంటే నా దృష్టిలో పుస్తకాల కన్నా ఈ ఉత్తరమే మంచి చోటు. ఇక్కడ అది ఇంకా సిద్ధాంతంగా గడ్డకట్టలేదు.

అసలు వాక్యం

ఈ ఉత్తరానికి పేరు తెచ్చింది మాత్రం మరో భాగం. అంతరించిన జీవజాతుల స్థానంలో కొత్తవి ఎలా వస్తున్నాయన్న ప్రశ్నను హెర్షెల్ రహస్యాలన్నిటిలోకీ పెద్ద రహస్యంగా పేర్కొంటాడు. లయెల్ ఊహలు మరీ సాహసమని చాలామంది అనుకుంటారని ఒప్పుకుంటూనే, చిక్కును నేరుగా ఎదుర్కోవడమే మంచిదంటాడు. సృష్టికర్త మధ్యవర్తి కారణాల ద్వారా పనిచేస్తాడని, కొత్త జాతుల పుట్టుక ఎప్పుడైనా మన ఎరుకలోకి వస్తే, అది అద్భుతంగా కాక సహజ ప్రక్రియగానే తేలుతుందని రాస్తాడు.

ఆ చివరి వాక్యాన్ని మరోసారి చూడండి. "ఎప్పుడైనా మన ఎరుకలోకి వస్తే" అన్న షరతు వాక్యాన్ని కాపాడుతోంది. అలాంటి ప్రక్రియ ఏదీ ప్రస్తుతం జరుగుతున్న జాడ మనకు కనిపించడం లేదని కూడా వెంటనే చేరుస్తాడు. ముందడుగు, వెంటనే సగం అడుగు వెనక్కి. దీన్ని పిరికితనం అనుకుంటే పొరపాటు. తెలిసినదాన్నీ నమ్ముతున్నదాన్నీ కలిపేయకుండా రాయడం ఇదే.

ఇప్పుడు జూన్ 1 నాటి లయెల్ జవాబుకు వద్దాం. మధ్యవర్తి కారణాల మాట హెర్షెల్ ఒప్పుకున్నందుకు సంతోషిస్తాడు. ఆ సంగతిని తన పుస్తకంలో పాఠకులే ఊహించుకునేలా వదిలేశానని, ఊహాగానమే అయిన విషయాన్ని మాటల్లో పెట్టి ఒక వర్గం మనుషులను నొప్పించడం దేనికని ఊరుకున్నానని చెబుతాడు.

ఇది చిన్న ఒప్పుకోలు కాదు. 1832లో వచ్చిన రెండో సంపుటంలో లామార్క్ జాతి పరివర్తన వాదాన్ని లయెల్ సుదీర్ఘంగా ఖండించాడు. ఆ సంపుటం ఒక్కటే చదివినవారు, కొత్త జాతుల పుట్టుక గురించి చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదనుకుంటారు. ఉత్తరం చదివాక తెలుస్తుంది, ఆ మౌనం కావాలని అమర్చినదని. లయెల్‌ను తప్పుపట్టేవారున్నారు. నాకు ఆయన పట్ల కొంత సానుభూతి ఉంది, ఎందుకంటే భూమి వయసు గురించి తన వాదాన్ని చదివించుకోవడానికి మతాధికారుల మధ్య కూడా ఆయనకు పాఠకులు కావాలి. అయితే దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. పుస్తకం కొన్న మామూలు పాఠకుడికి ఒక లయెల్, ఉత్తరం అందుకునే స్థాయి ఉన్న కొద్దిమంది పెద్దమనుషులకు మరో లయెల్ దొరికారు. జ్ఞానం ఎవరి చేతికి, ఏ రూపంలో అందుతుందన్న ప్రశ్న ఇక్కడ లేస్తుంది. శాస్త్రవేత్తల ఉత్తరప్రత్యుత్తరాలను పరస్పర స్నేహానికి గుర్తుగా మాత్రమే పొగిడే వ్యాసాలు ఈ ప్రశ్నను దాటవేస్తాయి.

ఉత్తరం చేతులు మారడం

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి: ఒకరి పేర రాసిన ఉత్తరం పదిమంది చదివితే, దాని అర్థం మారుతుందా?

హెర్షెల్ ఉత్తరం విషయంలో అదే జరిగింది. 1837 ఫిబ్రవరిలో చార్లెస్ డార్విన్ తన అక్క కేరొలైన్‌కు రాసిన ఉత్తరంలో, భాషలన్నీ ఒకే మూలం నుంచి విడిపోవడానికి ఆరువేల ఏళ్లు చాలవన్న హెర్షెల్ అభిప్రాయాన్ని వివరించాడు. అంటే అప్పటికే ఆ ఉత్తరం సారాంశం లండన్‌లో తిరుగుతోంది. అదే ఏడాది చార్లెస్ బాబేజ్ తన 'తొమ్మిదో బ్రిడ్జ్‌వాటర్ గ్రంథం' అనుబంధంలో దాని భాగాలను అచ్చువేశాడు. అధికారికంగా ఆ గ్రంథమాలలో ఎనిమిదే ఉన్నాయి, తొమ్మిదోది బాబేజ్ తానే చేర్చుకున్నది! నేల లేవడం, కుంగడం గురించి తాను విడిగా ఇలాంటి ఆలోచనే చేసి ఉన్నాడు కాబట్టి హెర్షెల్ మాట ఆయనకు బలమైంది.

డార్విన్ 1836 జూన్‌లో బీగిల్ ఓడ కేప్‌లో ఆగినప్పుడు హెర్షెల్‌ను కలిశాడు. 1838 డిసెంబరులో బాబేజ్ పుస్తకంలో జాతుల భాగం చూసి తన నోటుపుస్తకంలో ఆనందంతో కేక వేసినంత పని చేశాడు. 1859లో వచ్చిన 'జాతుల ఉత్పత్తి' మొదటి పేరాలోనే, పేరు చెప్పకుండా, ఒక గొప్ప తత్త్వవేత్త అన్న మాటగా ఆ రహస్యాన్ని ప్రస్తావించాడు. షరతులు, వెనకడుగులు అన్నీ రాలిపోయి, ఉత్తరంలోని ఒక్క పదబంధం మిగిలింది.

మరి హెర్షెల్? ఆయన డార్విన్ పుస్తకాన్ని గందరగోళపు సూత్రమని తీసిపారేశాడని పరోక్షంగా డార్విన్ చెవిన పడింది. 1861లో అచ్చయిన తన భౌతిక భూగోళశాస్త్ర గ్రంథంలోని అధస్సూచికలో హెర్షెల్ అభ్యంతరాన్ని స్వయంగా రాశాడు. యాదృచ్ఛిక మార్పులతో జీవప్రపంచాన్ని వివరించడం, గలివర్ యాత్రల్లోని లపూటా పద్ధతిలో పదాలను కలగాపులగం చేసి షేక్‌స్పియర్ నాటకాలు తయారుచేయడం లాంటిదని ఆయన ఉద్దేశం. వయసు మీదపడి మాట మార్చాడనేవారితో నేను ఏకీభవించను. 1836లో ఆయన కోరినది సహజ ప్రక్రియ, కానీ నియమం కనిపించే ప్రక్రియ. యాదృచ్ఛికత ఆయన దృష్టిలో నియమం కాదు. ఉత్తరంలో సృష్టికర్త మాటా మధ్యవర్తి కారణాల మాటా పక్కపక్కనే ఉన్నాయి. డార్విన్ రెండోదాన్ని తీసుకుని మొదటిదాన్ని వదిలేశాడు.

పాఠం గురించి ఒక గమనిక

మీరు గ్రంథాలయంలో ఈ ఉత్తరాలను వెతికితే వేర్వేరు పాఠాలు దొరుకుతాయి. బాబేజ్ ముద్రించినవి ఎంపిక చేసిన భాగాలు. లయెల్ ఉత్తరాలను ఆయన మరణానంతరం, 1881లో, మరదలు కేథరిన్ లయెల్ సంకలనం చేసి ప్రచురించింది. హెర్షెల్ 1836 నాటి ఉత్తరం పూర్తి పాఠాన్ని చరిత్రకారుడు వాల్టర్ కానన్ 1961లో ప్రకటించాడు. అంటే 125 ఏళ్లపాటు దీని గురించి రాసినవారిలో అధికులు ముక్కలనే చూశారు. నిగనిగలాడే గులకరాళ్లు పూర్వపు భూచరిత్రను దాచుకున్నట్టే, అరిగిన మాటలు మనుషుల చరిత్రను దాచుకుంటాయని హెర్షెల్ పోల్చిన భాగం కూడా ఈ ఉత్తరంలోనే ఉంది. జాతుల వాక్యం ఒక్కటే ఎత్తిచూపే వ్యాసాల్లో ఇది సాధారణంగా కనబడదు. అభ్యాసంలో సమాధానం రాసేటప్పుడు మీరు ఏ పాఠాన్ని చదివారో మొదటి వాక్యంలోనే పేర్కొనండి.