చెవిన పడే ‘కన్యాశుల్కం’: గొంతు, వేగం, విరామం

నాటకాన్ని దృశ్యకావ్యమన్నారు మన లాక్షణికులు. రేడియో నాటకంలో ఆ దృశ్యమే లేదు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయం నాలుగు విధాలు కాగా, ఇక్కడ మిగిలేది వాచికం ఒక్కటే. తక్కిన మూడింటి బరువూ దాని మీదే పడుతుంది. పాత్ర కట్టుకున్న బట్ట, నిలుచున్న తీరు, కంట తిరిగిన నీరు అన్నీ గొంతులోంచే రావాలి. ఇంత బరువు మోయడానికి నటుడి చేతిలో ఉన్న సాధనాలు మూడు: స్వరం ఎత్తుపల్లాలు, మాట నడిచే వేగం, మాటకూ మాటకూ మధ్య విడిచే విరామం.

రేడియో నాటకం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు ‘గొంతు బాగుంది’, ‘ఉచ్చారణ స్వచ్ఛంగా ఉంది’ అనే రెండు మాటలతో మనం సాధారణంగా సరిపెట్టుకుంటాం. ఈ రెండు మాటలూ విమర్శకు చాలవు. పైగా రెండో మాట తెలుగు రాష్ట్రాలకు వెలుపల తెలుగు చదువుకుంటున్న విద్యార్థులకు హాని కూడా చేస్తున్నది. ఈ అభిప్రాయాన్ని గురజాడ ‘కన్యాశుల్కం’ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కొంత చరిత్ర. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. మధ్యలోని పదేళ్లూ కోస్తా, రాయలసీమ శ్రోతలకు తెలుగు నాటకం మద్రాసు నుంచే వినిపించింది. అంటే తెలుగు రేడియో నాటకం తొలి అడుగులు వేసిన ఊరు నేటి తెలుగు రాష్ట్రాల హద్దులకు వెలుపల ఉంది. ఆ అడుగులు వేసినవారు చాలవరకు రంగస్థలం మీద పేరు తెచ్చుకున్నవారే. పద్యనాటకపు రోజుల్లో పెంకుటింటి నాటకశాలలో చివరి బెంచీవాడికి కూడా వినబడేట్లు గొంతు విసరడమే విద్య. పద్యం చివర రాగం సాగదీస్తే ‘వన్స్ మోర్’ వచ్చేది. ఆ విద్యను మైకు ముందు ప్రయోగిస్తే బెడిసికొడుతుంది. మైకు చివరి బెంచీలో లేదు, నటుడి పెదవికి జానెడు దూరంలో ఉంది. రంగస్థలం మీద గంభీరంగా పలికిన ‘భ’, ‘ధ’, ‘ఫ’ల ఊపిరి మైకుకు తగిలి బుస్సుమంటుంది. మైకుకు మరీ దగ్గరగా జరిగితే గొంతులో లేని మంద్రం వచ్చి చేరుతుంది. దూరం జరిగితే ఆ మనిషి గది అవతలికి వెళ్లిపోయినట్టు ఉంటుంది. కనుక రేడియో నటుడికి అడుగు వెనక్కి వేయడం కూడా వాచికాభినయమే.

అయితే స్వర వేగాల విచారణ మైకుతో పుట్టినది కాదు. భరతుని నాట్యశాస్త్రం పాఠ్యగుణాలను లెక్కకట్టి చెప్పింది: సప్తస్వరాలు, మూడు స్థానాలు, నాలుగు వర్ణాలు, రెండు కాకువులు, ఆరు అలంకారాలు, ఆరు అంగాలు. ఉరస్సు, కంఠం, శిరస్సు అనేవి స్థానాలు. దగ్గరున్న వాడితో మాట్లాడే గొంతు ఒక చోట నుంచి, దూరాన ఉన్నవాణ్ణి పిలిచే గొంతు మరొక చోట నుంచి వస్తుందని దాని అర్థం. అలంకారాలలో ద్రుత, విలంబితాలు వేగానికి సంబంధించినవి. భయం, చలి, జ్వరం ఉన్నప్పుడు మాట ద్రుతంగా నడవాలన్నాడు. సిగ్గు, ఆలోచన, చింత ఉన్నప్పుడు విలంబితంగా నడవాలన్నాడు. అంగాలలో మొట్టమొదటిది విచ్ఛేదం, అంటే విరామం. ఇక కాకువులు రెండు: చెప్పవలసినది ఇంకా మిగిలి ఉన్నట్టు ధ్వనించేది సాకాంక్షం, చెప్పడం ముగిసినట్టు ధ్వనించేది నిరాకాంక్షం. పాఠ్యాన్ని చెవితో చదవడానికి ఇంతకంటె మంచి పరికరాలు మనకు అక్కరలేదు.

ఈ పరికరాలను తెలుగుకు అన్వయించేటప్పుడు మాత్రం ఒక మెలకువ కావాలి. తెలుగులో అచ్చు నిడివి అర్థాన్ని మారుస్తుంది. ‘కల’ వేరు, ‘కాల’ వేరు. ‘పలు’ వేరు, ‘పాలు’ వేరు. హల్లు ఒత్తు కూడా అంతే. ‘గడి’ వేరు, ‘గడ్డి’ వేరు. కాబట్టి వాక్యాన్ని నెమ్మదిగా పలకమంటే అక్షరం అక్షరాన్నీ సాగదీయడం పొరపాటు. అలా చేస్తే మాట బరువెక్కదు, మాటే మారిపోతుంది. సాగడానికి భాష తానే చోటు ఇచ్చింది. ‘చాలా’ వంటి మాటలో ఉన్న దీర్ఘాన్ని ఎంతైనా సాగదీయవచ్చు. పిలుపులో చివరి అచ్చును సాగదీయవచ్చు. ‘పెద్ద’ అనే మాటలో బరువు ఒత్తు మీద పడుతుంది. ఇవి కాని చోట్ల నెమ్మదితనమంతా విరామంలోంచే రావాలి. కొత్తగా మైకు ముందుకు వచ్చిన వారిలో తరచు వినబడే దోషం ఇదే: విరామం విడవడానికి భయపడి అక్షరాలను సాగదీస్తారు. నిశ్శబ్దం తప్పు అనుకుంటారు. రేడియోలో నిశ్శబ్దం కూడా సంభాషణలో భాగమే.

కాకువు లేకుండా తెలుగు సంభాషణ అర్థమే కాదు. ‘వచ్చాడు’ అన్న మాట చివర స్వరం దిగితే సమాచారం, లేస్తే ప్రశ్న. ‘అలాగే’ అన్న మాటను వెంటనే అంటే ఒప్పుకోలు. ఒక క్షణం ఆగి, స్వరం దించి అంటే ఒప్పుకోకపోవడం. ‘వస్తాడులే’ అన్నది తల్లి నోట ఊరడింపు, అప్పులవాడి నోట బెదిరింపు. అచ్చులో ఈ తేడాలు ఉండవు. నాటకకర్త వాటిని సందర్భంలో దాచిపెడతాడు, నటుడు వెతికి పైకి తీస్తాడు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాడే ఒకే ఒక్క పల్లవిని ఎన్నో భావాలతో వినిపించి స్థానం నరసింహారావు (1902–1971) ప్రేక్షకులను ముగ్ధులను చేయడం నాటకాభిమానులకు తెలిసిన సంగతే. మాటలు అవే, మారినది కాకువు.

ఇక ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో చాలా మార్పులతో రెండవ కూర్పుగా వెలువడిన ఈ నాటకం రేడియో పుట్టకముందే రాసినది. అయినా చెవికి ఇంత అనువైన నాటకం తెలుగులో అరుదు. కారణం ఇందులో పాత్రలు ఒకే తెలుగు మాట్లాడవు, ఒకే వేగంతో మాట్లాడవు. అగ్నిహోత్రావధాన్లు ఎదుటివారి మాట పూర్తికానివ్వడు. అతని కోపం స్వరం ఎత్తులో కంటె ఆ తొందరలో ఉంది. రామప్పపంతులు ఎవరితో మాట్లాడుతున్నాడో చూసుకుని వేగం మార్చుకుంటాడు. లుబ్ధావధాన్ల మాట డబ్బు దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. అసిరిగాడి మాట ఉత్తరాంధ్ర పల్లె నుడికారంలో తన దారిన తాను నడుస్తుంది. ఈ నలుగురినీ ఒకే శుభ్రమైన ‘రేడియో తెలుగు’లోకి తెస్తే గొంతులు నాలుగు వినిపిస్తాయి గాని మనుషులు నలుగురు వినిపించరు.

గిరీశం సంగతి మరీ చిక్కు. అతడు ఇంగ్లీషు కలిపి ధారాళంగా మాట్లాడతాడు గనుక మొదటి నుంచి చివరి దాకా ఒకే దూకుడుతో పలికే నటులు ఎక్కువ. వెంకటేశానికి పాఠం చెబుతున్న మిషతో పక్కనున్న బుచ్చమ్మకు వినబడేటట్లు మాట్లాడే ఘట్టం చూడండి. మాట వెళ్లేది ఒకరికి, తగలవలసింది మరొకరికి. రంగస్థలం మీదైతే ఓరచూపు ఈ పని చేస్తుంది. రేడియోలో చూపు లేదు. వెంకటేశాన్ని ఉద్దేశించిన మాట ద్రుతంగా, నిరాకాంక్షంగా సాగాలి. బుచ్చమ్మ కోసం అన్న మాట ముందు ఒక చిన్న విచ్ఛేదం రావాలి, దాని చివర స్వరం దిగకుండా నిలిచిపోవాలి. ఆ నిలిచిపోయిన స్వరమే ఆమె సమాధానం కోసం ఎదురుచూపు. శ్రోతకు ఓరచూపు కనిపించేది ఆ క్షణంలోనే. ఈ విరామాన్ని మింగేస్తే గిరీశం ఉపన్యాసకుడు మాత్రమే అవుతాడు. ఒక బాలవితంతువు జీవితాన్ని తన ఎత్తుగడలోకి లాక్కుంటున్న మనిషి అని శ్రోతకు తెలియదు. నాటకంలోని ప్రమాదమే జారిపోతుంది.

మారువేషాలు రెండూ రేడియోకు ఇంకా గట్టి పరీక్షలు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్లికూతురుగా అంటగడతాడు. చివరి అంకంలో మధురవాణి మగవేషంతో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. రంగస్థలం మీద వేషం మోసం చేస్తుంది, గొంతు ఎలా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు. రేడియోలో గొంతే వేషం. మధురవాణి గొంతు పూర్తిగా మారిపోతే వచ్చినది ఎవరో శ్రోత పోల్చుకోలేడు. అసలు మారకపోతే సౌజన్యారావు పంతులు చెవిటివాడనిపిస్తాడు. మా దృష్టిలో దీనికి సరైన పరిష్కారం స్వరాన్ని బలవంతంగా మందం చేయడం కాదు, వేగాన్ని మార్చడం. అప్పటిదాకా మధురవాణి మాటకు ఉన్న ఒయ్యారమంతా వాక్యాంతంలోని సాగులో ఉంది. మగవేషంలో ఆ సాగును తుంచేస్తే చాలు. గొంతు ఆమెదే, నడక వేరు. ఆ తరువాత నిజం బయటపడే చోట ఒక్క వాక్యంలో పాత సాగు తిరిగి వస్తే శ్రోత ఆ వేషం తొలగడాన్ని చెవితో చూస్తాడు.

రేడియోకు లొంగని చోట్లు కూడా ఈ నాటకంలో ఉన్నాయని ఒప్పుకోవాలి. మధురవాణి ఇంట్లో రామప్పపంతులూ గిరీశమూ మంచం కిందికి చేరే ఘట్టం కంటికి పండగ, చెవికి గందరగోళం. పూటకూళ్లమ్మ చీపురుదెబ్బ ఎవరికి తగిలిందో శబ్దం చెప్పలేదు. అక్కడ దెబ్బల చప్పుడు పెంచడం కంటె మంచం కింది గొంతును అడుక్కు దించి, మైకుకు పక్కగా తిప్పి, ఎవరు ఎక్కడ ఉన్నారో ముందే చెవికి అలవాటు చేయడం మేలు.

ఇంకొక చిక్కు సంక్షేపంలో ఉంది. ఏడంకాల ఈ నాటకాన్ని గంటకో రెండు గంటలకో కుదించాలంటే కోత తప్పదు. కుదించేవారు కథను ఉంచి కబుర్లను తీసేస్తారు. కాని పాత్రల నడక తెలిసేది కబుర్లలోనే. పేకాట దగ్గర సాగే కాలక్షేపపు మాటలు తీసేస్తే కథకు లోటు లేదు. మధురవాణి అందరి మాటలనూ ఎంత నెమ్మదిగా తన వైపు తిప్పుకుంటుందో తెలిసే అవకాశం మాత్రం పోతుంది. నాటకం చివర గిరీశం నోటివెంట వచ్చే జగమెరిగిన ఆ మాట కూడా అంతే. ముందరి ధారాళమంతా విన్న శ్రోతకే ఆ చివరి మాట క్లుప్తత దెబ్బలా తగులుతుంది. కుదించిన ప్రతిలో అది నవ్వుమాటగా మిగిలిపోతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన హాని సంగతి. నాటక పఠన పోటీలలో మన విద్యార్థులు బెరుకుగా ఉంటారు. తమ తెలుగులో తమిళపు యాసో, కన్నడపు సాగో, ఒరియా నుడికారమో ఉందని, అది పోతే తప్ప మైకు ముందుకు రాకూడదని వారి నమ్మకం. న్యాయనిర్ణేతలు ‘స్వచ్ఛత’కు మార్కులు వేసినప్పుడల్లా ఆ నమ్మకం బలపడుతుంది. దాంతో వారు పుస్తకం చదివినట్టు, ఒకే ఎత్తులో, ఒకే వేగంతో చదువుతారు. తప్పు పోతుంది, దానితోపాటు ప్రాణమూ పోతుంది. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు దశాబ్దాల పాటు పనిచేసిన పర్లాకిమిడి 1936 నుంచి ఒరిస్సాలో ఉంది. జనం మాట్లాడే మాటకు గౌరవం కావాలన్న వాదానికి బలం చేకూర్చిన ఊరు సరిహద్దుకు అవతలిదైనప్పుడు, సరిహద్దు యాసను చూసి సిగ్గుపడవలసిన అవసరం మనకు లేదు.

నిజంగా బెంగపడవలసినది వేరే ఉంది. వీధిలో తెలుగు వినబడని చోట పెరిగిన పిల్లలకు మాటలు పుస్తకంలో దొరుకుతాయి, కాకువు దొరకదు. ‘అలాగే’ అన్న పదం నిఘంటువులో ఉంది. దాని ముందు ఆగే క్షణం నిఘంటువులో లేదు. భాషలో మొదట జారిపోయేది ఆ క్షణమే. అవ్వ, తాత, మేనత్త మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ తొందరపడుతున్నారో, ఏ మాట చివర స్వరాన్ని దించకుండా వదిలేస్తున్నారో గమనించిన విద్యార్థికి ఏ ఊరి యాస ఉన్నా అతడు మంచి వాచికాభినేత కాగలడు. అది గమనించనివాడికి ఎంత స్వచ్ఛమైన ఉచ్చారణ ఉన్నా పాత్ర పలకదు.

కనుక విద్యార్థులకు మేము సూచించేది ఒక్క అభ్యాసం. ‘కన్యాశుల్కం’లోంచి ఒక పుట తీసుకోండి. విరామం ఎక్కడో పెన్సిలుతో గీత పెట్టండి. వాక్యాంతంలో స్వరం దిగాలో నిలవాలో గుర్తు వేయండి. ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా ఈ పని చేసి, బిగ్గరగా చదివి, తేడాలు వచ్చిన చోట్ల వాదించుకోండి. ఆ వాదన గొంతు గురించి మొదలై పాత్ర గురించి ముగుస్తుంది. రేడియో నాటకాన్ని విమర్శించడానికి కూడా అదే సరైన దారి: గొంతు బాగుందా అని కాదు, ఆ విరామం ఆ పాత్రదేనా అని అడగాలి.